నూట పదహార్లు

పరుగు!

ఒడిశాలోని కొడల ఊళ్లో సంత ముగుస్తోంది. చీకటి పడుతోంది. పద్మిని కూరగాయల బుట్టలు దాటుకుంటూ పరిగెడుతోంది.

వెనక చెప్పుల చప్పుడు... ఆగడం లేదు!

రవికాంత్. మొగుడు. మొన్న వేసవిలో ఆమె చెయ్యి విరిచినవాడు. ఈసారి దొరికితే ప్రాణమే తీస్తాడు.

బరంపురం బస్సు కదులుతోంది. ముందు తలుపు అందుకుంటుంది... ఎక్కేస్తుంది!

కిటికీలోంచి చూస్తుంది. రోడ్డు మీద అతను లేడు.

హమ్మయ్య!

తప్పించుకుంది. కానీ ఆ మాట ఎవరికి చెప్పుకోవాలి? కొత్త ఫోన్‌లో అయినవాళ్ల నంబరు ఒక్కటీ లేదు. అమ్మ గొంతు విని ఎన్నాళ్లయిందో. ఏడుపొస్తోంది.

అసలెలా పట్టుకున్నాడు?

ఊరు మార్చింది. సిమ్ మార్చింది. కుమారి అన్న పేరుతో డిజిటల్ రూపాయి వాలెట్ పెట్టుకుంది. అది సర్కారు డబ్బని, చిన్న మొత్తాలు పంపితే ఎవరి కంటా పడవని యాప్‌లో రాసుంది. పిచ్చిది, నమ్మింది.

ఫోన్ మోగుతుంది. ఉలిక్కిపడుతుంది!

“ఏటే, బస్సెక్కీసేవా?”

రవికాంత్!

“నానిక్కడున్నానని నీకెవులు సెప్పేరు?”

“ఎవులు సెప్పాలి? నా ఉద్యోగం ఆ వాలెట్ కంపెనీలోనే కదేటే? ఏ జిల్లాలో ఎవులు ఏ నంబర్నించి ఎంత పంపేరో అంతా నా కంప్యూటర్‌లోనే కనిపిస్తాది.”

“అందులో నా పేరు లేదు కదా!”

“పేరెందుకే? మొన్న నువ్వద్దెకున్న ఇంటి ఓనరమ్మ మనవడికి పేరెట్టినారు. ఒడియావోళ్లందరూ నూట ఒకటి పంపితే... నూట పదహార్లు సదివించిందెవులు?”



ఆ ఊళ్లో ఆమెను అన్నానికి పిలిచిన గుమ్మం అదొక్కటే. పిల్లాణ్ణి ఒళ్లో పెట్టారు. పొంగిపోయింది. పుట్టింట్లో చూసిన అలవాటు... వేలు దానంతటదే నూట పదహారు నొక్కింది.

ఫోన్ కట్ చేస్తుంది. కిటికీలోంచి విసిరేస్తుంది. ఇక వాలెట్ లేదు! కొంగుముడిలో నోట్లున్నాయి. అవి ఎవరికీ ఏమీ చెప్పవు. ఇకపై అవే చాలు.

కండక్టర్ వస్తాడు. వంద నోటు చాపుతుంది.

“బరంపురం, ఒకటి.”

అతను నోటు అందుకోడు. ఆమె మాటలు విన్నాడేమో, తెలుగులోనే అంటాడు.

“మీ టికెట్ తీసీసేరమ్మా.”

“ఎవులు?”

“మీ ఆయనే! ఎనక తలుపులోంచి ఎక్కేరు కదా...”

విరిగి అతుక్కున్న చేతి మీద... ఓ చెయ్యి పడుతుంది!