సన్యాసమ్మ సొమ్ములు

“బాబో! నా సొమ్ములు గుహలో సిక్కుపోనాయి!”

పార్వతీపురం కొండల్లో కరెంటు తీగలను డ్రోన్‌తో తనిఖీ చేస్తున్న ఉదయశంకర్ ఆ కేకకు ఉలిక్కిపడ్డాడు. గుంటూరులో మిరపచేలకు మందు కొట్టి, పెళ్ళిళ్ళకు వీడియోలు తీసి, తిరిగి తిరిగి ఈ అడవిలో తేలినవాడు పాపం! ఎదురుగా వానకు తడిసి ముద్దయిన ముసలమ్మ, సన్యాసమ్మ. కొండచరియ విరిగిపడి గుహ వాకిలి మూసుకుపోయిందట. ఆ గుహ పక్కనే కొండ ఏరు పొంగుతోంది. లోపలికి నీళ్ళొస్తే ఇక తనకు బతుకే లేదని గుండెలు బాదుకుంది.

“ఎన్నమ్మా?” అన్నాడు ఉదయ్ వెంట వచ్చిన సూపర్‌వైజర్ భుజంగరావు, కళ్ళింత చేసుకుని.

“పెద్దయి నాలుగు, సిన్నయి మూడు. మా అత్త కాడి నుంచి వొచ్చిన సొమ్ములు బాబూ! మెడల్లో గంటలు కూడా ఉన్నాయి. బయటికి తెండి, మీకూ పాలిత్తాను!”

భుజంగరావు ఉదయ్ చెవి కొరికాడు. “విన్నావా? తరాలనాటి నగలు! గంటల హారాలు! మనకూ పాలిస్తుందట, వాటా!”

ముగ్గురూ తుప్పలు నరుక్కుంటూ కొండెక్కారు. బండరాళ్ళ నడుమ మిగిలిన సందులోంచి ఉదయ్ డ్రోన్‌ను లోపలికి తోలాడు. దానికి మామూలు కెమెరాతోపాటు వేడెక్కిన తీగలను పట్టే కెమెరా కూడా ఉంది. చీకట్లోనూ వేడిని చూపిస్తుంది. తెరమీద ఏడు ఎర్రటి మచ్చలు కనిపించాయి.

“అవే! అవే!” అరిచాడు భుజంగరావు.

“బంగారానికి వేడెక్కడిది సార్?”

“పాత బంగారమయ్యా, నీకేం తెలుసు!”

అంతలో ఒక మచ్చ లేచి నడిచింది. ఉదయ్‌కి మతిపోయింది. నడిచే నగలేమిటి? భుజంగరావు ముఖాన నెత్తురుచుక్క లేదు. “కాపలా భూతం! వెనక్కి లాగు!”

“బూతమేటి నాయినా, అది నా గౌరమ్మ దూడ!” అంది సన్యాసమ్మ తెర నిమురుతూ. “సొమ్ములంటే ఆవులు గాదేటి? మీ ఊళ్ళో ఏటంతారు?”

“నగలంటాం!” అన్నాడు ఉదయ్. ఆ క్షణానే ఏటినీళ్ళు సందులోంచి బుసబుస లోపలికి దూకాయి. ఉదయ్ డ్రోన్‌ను ముందుకు ఉరికించాడు. గుహ ఆ చివర వెలుగు!

“అవ్వా, వెనకవైపు దారుంది! పోయి పిలువు!”

ముసలమ్మ లేడిలా కొండ వెనక్కి పరుగెత్తింది. “దా గౌరీ! దా!” అని అటు ఆమె పిలుస్తుంటే, ఇటు ఉదయ్ మంద వెనక డ్రోన్‌ను రొదపెట్టించాడు. గంటలు గణగణమంటూ ఒకటి, రెండు... మొత్తం ఆరు బయటపడ్డాయి. ఆఖరి దూడ మాత్రం మొండికేసింది. బ్యాటరీ అయిపోవస్తోంది.

“డ్రోన్ జాగ్రత్త!” అరిచాడు భుజంగరావు.

ఉదయ్ విననే లేదు. దూడ తోకదాకా డ్రోన్‌ను దించాడు. దూడ బెదిరి, ఒక్క తన్ను తన్ని బయటికి దూకింది. తెర నల్లబడింది.

కాసేపటికి సన్యాసమ్మ కళ్ళు తుడుచుకుంటూ రెండు ఆకుదొప్పలు తెచ్చింది. నిండా నురగలు.

“ఇవేమిటి?” అన్నాడు భుజంగరావు అయోమయంగా.

“పాలిత్తానన్నాను గదా బాబూ!”

భుజంగరావు దొప్పవంక చూశాడు, గుహవంక చూశాడు. “మరి డ్రోన్ సంగతి ఆఫీసులో ఏం చెప్పాలయ్యా?”

ఉదయ్ మూతి తుడుచుకుని పకపకా నవ్వాడు. “అది నీళ్ళపాలు సార్. ఇవి మన పాలు. చల్లారకముందే తాగండి!”