మడలో ఎవరూ లేరు

డెబ్భై మూడో సంవత్సరం, ఒక ఆదివారం మధ్యాహ్నం. నాంపల్లిలోని ఆ ప్రభుత్వ కార్యాలయం మేడ మీద ఇద్దరే ఉన్నారు. టైపిస్టు వసుమతి, ఆమె పై అధికారి రామచంద్రమూర్తి. అబిడ్స్ పేవ్‌మెంట్ మీద పాతపుస్తకాలు వెతుక్కోవాల్సిన పూట ఆమెను పిలిపించి కూర్చోబెట్టాడు. తెల్లారేసరికి మంత్రిగారికి నోటు అందాలట.

కృష్ణ సముద్రంలో కలిసేచోట మడ అడవిని కొట్టించి, బురద పూడ్చి, విహారకేంద్రం కట్టాలని ఆ నోటు. ఆ మడను రామచంద్రమూర్తి కంటితో చూసింది లేదు. బందరు గెస్టుహౌసులో చేపల పులుసు తిని, బురదవాసన పడదని అటునుంచి అటే వచ్చేశాడు.

మొన్న గురువారం కొండమ్మ అనే బెస్త ముసలమ్మ అక్కణ్ణుంచి అర్జీ పట్టుకొచ్చింది. ఎదురుగా రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నా, రెండు గంటలు నిలబెట్టాడు.

"ఉప్పెనకి పోయినోళ్ళని ఆ మడలోనే పూడ్చుకున్నాం బాబుగారూ. మడ ఉండబట్టే మిగతావోళ్ళం బతికాం. కొట్టించకండి," అందామె.

"పీతలకీ శవాలకీ ఓట్లున్నాయా?" అని నవ్వి, అర్జీని చెత్తబుట్టలో పడేశాడు. అంతటి ఘనుడు.

ఇప్పుడు తన గదిలోంచి చెబుతున్నాడు. "కొట్టమ్మా. సదరు ప్రాంతంలో జనసంచారం లేదు."

వసుమతి కొట్టింది. తన వేళ్ళంటే తనకే రోత పుట్టింది.

అప్పుడు వరండాలో అడుగులు. తడికాళ్ళ అడుగులు. చప్... చప్... ఒకరివి కావు. ఉప్పుబురద వాసన గుప్పుమంది. మనిషి జాడ లేదు. అడుగులు మాత్రం ఆమె బల్ల పక్కనుంచి నడిచి ఆయన గదిలోకి వెళ్ళాయి.

"ఎవరది? అర్జీలు ఇవాళ..." ఆయన గొంతు ఆగిపోయింది. ఆపైన మెత్తగా వినిపించింది. "కూర్చోండి."

కుర్చీ జరిగిన చప్పుడు.

"మీరూ కూర్చోండమ్మా."

ఇంకో కుర్చీ.

అర్జీదారును ఏనాడూ కూర్చోమనని మనిషి. కుర్చీలు జరుగుతూనే ఉన్నాయి. ఐదు... పది... ఇరవై... ఆ గదిలో అన్ని కుర్చీలు లేవు.

వసుమతి మెట్లు దిగి గేటు దగ్గరికి పరుగెత్తింది. "ఎవరొచ్చారు ప్రహ్లాద్?"

వాచ్‌మన్ వింతగా చూశాడు. "ఎవ్వరు రాలేదమ్మా. గేటుకు తాళమేసే ఉన్నది, చూడున్రి."

ఇంటికి పోదామనుకుంది. అలాంటివాడి కోసం మళ్ళీ మెట్లెక్కడమా... కానీ ప్రాణం ప్రాణమే. ప్రహ్లాద్‌ను వెంటబెట్టుకుని పైకొచ్చి, తలుపు నెట్టింది.

లోపల ఉన్నవి మూడే కుర్చీలు. గచ్చు పొడిగా ఉంది. గది మధ్యన రామచంద్రమూర్తి మునివేళ్ళ మీద నిలబడి, గడ్డం పైకెత్తి, నోరు కప్పుకేసి తెరిచి గుక్కలు గుక్కలుగా ఊపిరి పీలుస్తున్నాడు.

"సార్... ఏమైంది?"

"పోటు..." అన్నాడు గుసగుసగా. "గడ్డందాకా వచ్చింది..."

"నీళ్ళేడున్నయి సార్?" అన్నాడు ప్రహ్లాద్.

ఆయన నోరు మూసుకుని ఊపిరి బిగబట్టాడు.

కిటికీలు మూసి ఉన్నాయి. ఫ్యాను తిరగడం లేదు. ఆయన జుట్టు మాత్రం మెల్లగా తలమీంచి పైకి లేచి, అటూ ఇటూ ఊగసాగింది.