ఉయ్యాల మీది కెమెరా

పొద్దున పాలసీసాలు మరగబెడుతున్నదన్న మాటే గాని, ఆమె చూపంతా ముందుగదిలోని కంప్యూటరు మీదే ఉంది. తెర మీది గీత సగం దాకా పాకింది. ఆగింది. ఫైలు రాలేదని చెప్పి మాయమైంది.

"ఏమండీ, మళ్ళీ పోయింది!"

మూడు నెలల పిల్లాడు నిద్రలో కాళ్ళూ చేతులూ గిలగిలా కొట్టుకుంటున్నాడు. మూర్ఛేమోనని ఆమెకు తిండి సహించడం లేదు. ఉయ్యాల మీద బిగించిన కెమెరాలో నిన్నటిదంతా పడింది. "ముక్కలు కాదమ్మా, నిద్ర లేచేదాకా మొత్తం చూస్తే గాని చెప్పలేను. మధ్యాహ్నంలోగా పంపు" అంది డాక్టరమ్మ. అది కంప్యూటర్లోకి వస్తేనే పంపడం.

భర్త వైఫై డబ్బా ఆపి మళ్ళీ వేశాడు. బీరువా చాటు నుంచి తెచ్చి ఉయ్యాల గది గుమ్మంలో స్టూలు మీద పెట్టాడు. ఇద్దరి ఫోన్లలోనూ వైఫై తీసేశాడు. అయినా గీత నత్తకు మేనత్తలా కదులుతోంది.

"కెమెరాలో కార్డు తీసి దీంట్లో పెట్టరాదూ?"

"పెట్టడానికి దీనికి చోటేదీ? నా నెత్తిన పెట్టుకోవాలి."

"హాస్యాలాడకండి. ఇక్కడ నా ప్రాణం పోతోంది."

అతను కెమెరా దగ్గరికెళ్ళి నిలబడిపోయాడు. "ఈ ఎర్ర దీపం ఎందుకు వెలుగుతోంది? ఎవరైనా చూస్తుంటేనే కదా వెలిగేది?"

"ఎవరండీ? బయటివాడెవడైనానా?" అంటూ ఆమె పరుగున వెళ్ళి ఉయ్యాలకు అడ్డంగా నిలబడింది.

వెనకగది తలుపు తెరుచుకుంది. దగ్గుతూ మామగారు గుమ్మంలోకి వచ్చారు. చేతిలో ట్యాబ్. అందులో ఉయ్యాలా, దానికి అడ్డంగా నిలబడ్డ ఆమే.

"నేనేనమ్మా."

భర్త తల కొట్టుకున్నాడు. "అదీ సంగతి! నీకు చూపిస్తూ ఇటు ఫైలు కూడా పంపాలంటే ఆ బుల్లి కెమెరా వల్ల ఎక్కడవుతుంది నాన్నా?"

"పొద్దుట్నుంచీ మేం కొట్టుకు చస్తుంటే, తలుపేసుకుని సినిమాలా చూస్తున్నారా మామయ్యా? ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"దీనివల్లే ఆగుతోందని నాకేం తెలుసమ్మా? దగ్గు తగ్గేదాకా వాడి దగ్గరికి రావద్దన్నావు, రావడం లేదు. చూడొద్దనలేదుగా! వాడలా వణికినప్పుడల్లా మళ్ళీ సర్దుకున్నాడో లేదో అని... కళ్ళు మూసుకోవాలంటే భయం."

ఇంట్లో భయపడి చచ్చేది తానొక్కతే అనుకుంది ఆమె ఇన్నాళ్ళూ.

ఆయన ట్యాబ్ ఆపేశారు. ఎర్ర దీపం ఆరింది. గీత ఎవరో తరిమినట్టు చివరిదాకా పరుగెత్తింది. వీడియో డాక్టరమ్మకు చేరింది. ఫోను మోగేదాకా ముగ్గురూ కూర్చున్నచోటు నుంచి కదల్లేదు.

"మూర్ఛ కాదమ్మా. నిద్రలోనే వస్తోంది, లేవగానే ఆగిపోతోంది. కొందరు పసివాళ్ళకింతే, పెరిగేకొద్దీ పోతుంది. మందు కూడా అక్కర్లేదు. ముందు నువ్వు కడుపునిండా తిని పడుకో."

ఆమె భోరుమంది. మామగారు గోడవైపు తిరిగి ముక్కు చీదుకున్నారు. కాసేపటికి ఆమే లేచి, ఉతికిన గుడ్డ తెచ్చి ఆయన ముక్కూ మూతీ మూసి కట్టింది. చేతులు కడుక్కు రమ్మని, బిడ్డను ఒడిలో పెట్టింది.

"దొంగలా కట్టావు కదే తల్లీ!"

"దొంగచాటుగా చూసినవాళ్ళకి అదే శిక్ష మామయ్యా."

ఒడిలో పిల్లాడు నిద్రలోనే ఒక్కసారి కాళ్ళు విదిలించాడు. ముగ్గురూ చూశారు. ఎవరూ లేవలేదు.