పట్టాల మీద ఆగిన కారు

క్లీవ్‌లాండ్‌లో ఫిబ్రవరి ఉదయాలు బద్ధకంగా తెల్లవారతాయి. అపోలోనియా పొయ్యిలో బొగ్గు ఎగదోసి, రై రొట్టె ముక్కలు కోసి భర్త ముందు పెట్టింది. తెయోఫిల్ వ్రోనా వాటిని ముట్టుకోలేదు. రోజూ ఈపాటికి ట్రాము నడపడానికి డిపోకి బయల్దేరే మనిషి, ఇవాళ కోర్టుకి వెళ్లాలి.

"ఖాళీ కడుపుతో బోనెక్కితే మాట తడబడుతుంది. తిను," అంది.

"తింటే తడబడదా?" అన్నాడు అతను, పళ్లెం పక్కకి జరుపుతూ.

నవంబరులో, మొదటి మంచు పడ్డ సాయంత్రం, అతని ట్రాము ఫ్లీట్ వీధి కూడలిలో ఒక కారును గుద్దింది. కారులో ఉన్నవాడు హెర్మన్ లుట్జ్, ఇళ్లకు వెళ్లి పియానోలు శ్రుతి చేసే మనిషి. అతని కుడికాలు మోకాలి కిందనుంచి తీసేయాల్సి వచ్చింది. అతను కంపెనీ మీద దావా వేశాడు.

నిన్న సాయంత్రం కంపెనీ తరఫున క్రేన్ అనే ఆయన ఇంటికొచ్చాడు. అపోలోనియా ఇచ్చిన కాఫీ మెచ్చుకుంటూనే చట్టం సంగతి చెప్పాడు. "చూడండి వ్రోనా గారూ, దెబ్బతిన్నవాడిది ఆవగింజంత తప్పున్నా వాడికి సెంటు రాదు. ఒక్కటే మెలిక. వాడు పట్టాల మీద ఇరుక్కోవడం మీరు ముందే చూసి, ఆపే వీలుండి కూడా ఆపలేదంటే, భారమంతా మనమీదే పడుతుంది. కాబట్టి మీరు చూడలేదు. కారు ఉన్నట్టుండి అడ్డం వచ్చింది. అంతే." తలుపు దగ్గర ఆగి, కంపెనీ నమ్మకస్తులను మరిచిపోదని కూడా అన్నాడు. నమ్మకస్తులు కానివాళ్లనూ మరిచిపోదని వేరే చెప్పక్కర్లేకపోయింది.

హలీనా జడ అల్లుకుంటూ వంటింట్లోకి వచ్చింది. ఆ పిల్లకు ఇరవై ఏళ్లు, తండ్రి పోలిక, మనసులో ఏదీ దాచుకోలేదు.

"నాన్నా, ఆ రోజు నువ్వు మాతో చెప్పింది వేరు కదా. కారు చక్రం పట్టాలో దిగబడి ఆగిపోవడం చూశానన్నావు. అతను తలుపు తెరవలేక గింజుకోవడం కూడా చూశానన్నావు."

"నీకెందుకే పెద్దవాళ్ల గొడవ?" అంది అపోలోనియా. "ఇంకో రెండేళ్లు గడిస్తే పింఛను. ఈ వయసులో గెంటేస్తే మీ నాన్నకి పని నువ్విస్తావా?"

"మరి ఆయనకి కాలు ఎవరిస్తారమ్మా?"

"చూసుకోకుండా పట్టాలెక్కినవాడిది తప్పు. వాడి కోసం మన కొంపకి మనమే నిప్పు పెట్టుకోవాలా?"

తెయోఫిల్ కుర్చీ వెనక్కి జరిపాడు. "చూశాను, అపోలోనియా. ఈ కార్ల వాళ్లంతా ఇంతే, మన ముక్కు ముందు దూరి నవ్వుకుంటూ పోతారు. గంట కొడితే చచ్చినట్టు తప్పుకుంటాడులే అనుకున్నా. బ్రేకు వెయ్యాల్సినవాణ్ని, కోపంకొద్దీ గంట కొడుతూ కూర్చున్నా."

"ఆ మాట ఈ గుమ్మం దాటకూడదు. నాకు మాటివ్వు."

అతను ఆమె ముఖం చూడకుండానే తల ఊపాడు. హలీనా కోటు తొడుక్కుని, "నేనూ వస్తాను," అంది. ఎవరూ వద్దనలేదు.

కోర్టులో అపోలోనియా లుట్జ్‌ను మొదటిసారి చూసింది. డబ్బు మీద కన్నేసిన లావుపాటి మనిషిని ఊహించుకుని వచ్చింది. సన్నగా, చంకకర్రల మీద ఒరిగి, కూర్చోవడానికి కూడా ఒకరి సాయం అడుగుతున్న మనిషి కనిపించాడు. కంపెనీ వకీలు అతన్ని ఒకే ప్రశ్న అడిగాడు.

"పట్టాలు దాటేముందు మీరు ట్రాము వస్తోందేమోనని చూశారా?"

లుట్జ్ వకీలు అతనికేసి కళ్లతోనే ఏదో చెప్పబోయాడు. లుట్జ్ తల వంచుకున్నాడు.

"లేదండీ. చూడలేదు. చలికి చెవుల దాకా కండువా చుట్టుకున్నాను. తల తిప్పాలనిపించలేదు. అది నా తప్పే."

గదిలో గుసగుసలు లేచాయి. కంపెనీ వకీలు తృప్తిగా కూర్చున్నాడు. ఆ ఒక్క మాటతో దావా పోయినట్టేనని అపోలోనియాకు కూడా అర్థమైంది. సంతోషించాల్సింది పోయి, ఆమె లోలోపల ఆ మనిషిని తిట్టుకుంది. ఒక్క అబద్ధం ఆడి ఉంటే ఎంత తేలికయ్యేది. అబద్ధానికి అబద్ధం చెల్లయ్యేది.

ఇక మిగిలింది ఒక్క దారే గనుక లుట్జ్ వకీలు తెయోఫిల్‌ను బోనెక్కించాడు. "కారు ఆగిపోయాక మీరు దాన్ని ఎప్పుడు చూశారు?"

తెయోఫిల్ జనం కూర్చున్న వైపు తిరిగాడు. జడ్జి రెట్టించాడు. అయినా తెయోఫిల్ బల్లల వరుసలో భార్య కోసమే వెతుకుతున్నాడు. పొద్దున ఇచ్చిన మాటను తిరిగి ఇమ్మని అడుగుతున్నట్టుంది ఆ చూపు. పక్కన హలీనా ముందుకు వంగింది. అద్దె, పింఛను, బజారులో నలుగురి మాటలు అన్నీ అపోలోనియా కళ్లముందు తిరిగాయి. ఎదురుగా లుట్జ్ ఇంకా తల వంచుకునే ఉన్నాడు.

ఆమె మెల్లగా తల ఊపింది.

"దూరంనుంచే చూశానండీ," అన్నాడు తెయోఫిల్. "ఆయన నన్ను చూడలేదు, అది నిజమే. నేను చూశాను. ఆపగలిగి ఉండీ ఆపలేదు."

సాయంత్రానికి జ్యూరీ లుట్జ్ పక్షాన తీర్పు చెప్పింది. క్రేన్ వరండాలో ఎదురుపడి, రేపటినుంచి డిపోకి రానక్కర్లేదని చెప్పి, అపోలోనియాకు మాత్రం టోపీ ఎత్తి వెళ్లిపోయాడు.

బయట కోర్టు మెట్లు గడ్డకట్టి ఉన్నాయి. పైమెట్టు మీద లుట్జ్ దిగలేక నిలబడి ఉన్నాడు. తెయోఫిల్ దగ్గరకు వెళ్లి భుజం ఆనించాడు. హలీనా ఒక చంకకర్ర అందుకుంది. ఒక్కో మెట్టూ దిగి, కిందికి చేరాక లుట్జ్ తెయోఫిల్ చెయ్యి గట్టిగా నొక్కి వదిలేశాడు.

తెయోఫిల్ మళ్లీ పైకి వచ్చాడు. అపోలోనియా కళ్లు తుడుచుకుంటూ అక్కడే ఉంది.

"నా మీద కోపంగా ఉందా?" అన్నాడు.

"ఉంది. రేపు కూడా ఉంటుంది. ఇల్లు ఎలా గడపాలో నాకు తెలీదు." ఆమె కాలు కిందికి పెట్టి, జారుతుందేమోనని వెనక్కి తీసుకుంది. "అయినా చెయ్యి ఇవ్వు. ఒక్కదాన్నే దిగలేను."