హజరాబీ సున్నం కొట్టించింది

తను కుట్టిన పరుపులు కోట ఊళ్లో దించేసి పొద్దున్నే ఇల్లు చేరిన బాజీ, వాకిట్లోనే కొయ్యబారిపోయాడు. గోడలు తెల్లగా మెరిసిపోతున్నాయి! నిన్నంతా తను ఊళ్లో లేడు గదా, అదే అదనుగా పెళ్లాం హజరాబీ కూలీని పెట్టి సున్నం కొట్టించేసింది. వద్దన్న పని చెయ్యడంలో ఆమెను మించినవాళ్లు ఆ కాలనీలో లేరు.

"కొంప ముంచేసినావే!" అని తల పట్టుకున్నాడు.

నిజంగానే కొంప మునిగింది. చుట్టూ రొయ్యల గుంటలు తవ్వాక ఆ కాలనీ నేలలోకి ఉప్పునీళ్లు దిగాయి. బోర్లు చెడ్డాయి. గోడలు అడుగునుంచి పొక్కి రాలిపోతున్నాయి. ఇళ్లు కొనే నాథుడు లేడు. మునిసిపాలిటీ లెక్కలో మాత్రం ధర పాతదే, ఆ ధర మీద వేసే ఇంటిపన్ను ఏటా పెరిగేదే. బాజీ కట్టలేక బకాయి పడ్డాడు. కట్టకుంటే కుళాయి తీసేస్తామని తలుపుకి నోటీసు అంటించారు. ఆ కాలనీలో తాగడానికి ఆ కుళాయి నీళ్లు తప్ప ఇంకేం ఉన్నాయి! అందుకే, పడిపోయిన ధర చూసి పన్ను తగ్గించండని అప్పీలు పెట్టుకున్నాడు. ఇల్లు కళ్లారా చూసి రాసుకోవడానికి ఈరోజు ఆఫీసు మనిషి వస్తాడు. ఏదీ ముట్టుకోవద్దని ఊరికి పోతూ పెళ్లానికి చెప్పే పోయాడు.

లోపలికి పోతే ఆ మనిషి అప్పటికే వచ్చి ఉన్నాడు. రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ జ్ఞానప్రకాశం, కొత్త దుప్పటి పరిచిన మంచం మీద కూర్చుని సేమ్యా పాయసం తింటున్నాడు.

"రండి బాజీ గారూ. మీ ఆవిడ మర్యాదకి కడుపు నిండిపోయింది."

"సార్, సున్నం చూసి మోసపోబాకండి. లోపలంతా డొల్ల. చూపిస్తా ఉండండి," అంటూ బాజీ పరుపులు కుట్టే దబ్బనం తీసి గోడ దగ్గరికి పోయాడు.

హజరాబీ పరుగున వచ్చి గోడకి అడ్డంగా నిలబడింది. "గోడ మీద చెయ్యి వెయ్యబాకయ్యా!"

"తప్పుకో హజరా."

"తప్పుకోను. ఇంటికొచ్చిన మనిషి ముందర నా ఇంటి పరువు తియ్యబాక."

పరాయివాడి ఎదుట పెళ్లాన్ని పక్కకి నెట్టడం బాజీ వల్ల కాలేదు. చెయ్యి దానంతట అదే దిగిపోయింది.

"కంటికి కనపడిందే నేను రాయాలి బాజీ గారూ. ఇల్లు బాగుంది," అన్నాడు జ్ఞానప్రకాశం. పాపం, ఆయన తప్పేం ఉంది! ఫోన్లో నాలుగు ఫొటోలు తీసుకుని స్కూటరెక్కి వెళ్లిపోయాడు.

"సంతోషమా?" బాజీ గొంతు చించుకున్నాడు. "రేపు కుళాయి పీకేస్తే నీ పరువు తాగుతావా? ఆ ఉప్పునీళ్లు తాగి చద్దామా?"

ఎప్పుడూ మాటకి మాట అప్పజెప్పే హజరాబీ ఆరోజు నేల మీద కూలబడింది.

"పోయిన ఎండాకాలం నీకు చెప్పకుండా బ్రోకర్ని పిలిచినానయ్యా. ఎంతో కొంతకి అమ్మేసి, చిల్లకూరు పక్కన చిన్న రేకుల ఇల్లు చూసుకుందామని. కొనేవాణ్ని తెచ్చినాడు. వాడు బోరు నీళ్లు నోట్లో పోసుకుని మన గడపలోనే ఉమ్మేసినాడు. ఊరికే ఇచ్చినా వద్దంట. నవ్వుకుంటా పోయినారు ఇద్దరూ. ఇంకొకడు కూడా వచ్చి మన ఇంట్లో నిలబడి నవ్వితే నేను తట్టుకోలేనయ్యా."

బాజీ కోపం ఎక్కడిదక్కడ చల్లబడిపోయింది. ఇల్లు అమ్ముడుపోదని అతనికీ లోపల తెలుసు. కానీ ఎవరో మొహం మీదే అనేసి పోయారంటే, ఆ మాట మింగి ఏడాదిగా హజరా తనకి నవ్వుతూ అన్నం పెట్టిందంటే, గుండె పిండేసినట్టయింది.

కాసేపటికి హజరాబీ కళ్లు తుడుచుకుని లేచింది. వంటింట్లోంచి అట్లకాడ తెచ్చి గోడ గీకడం మొదలుపెట్టింది. పూత పెళ్లలు పెళ్లలుగా రాలింది.

"ఆ సారుని పిలువు. ఇప్పుడు చూపిస్తా."

బాజీ బయటికి వచ్చి ఫోను చేశాడు.

"ఫొటోలతో సహా పైకి పంపేశాను బాజీ గారూ," అన్నాడు జ్ఞానప్రకాశం. "ఇంక నా చేతుల్లో లేదు."

లోపలికి వస్తే హజరాబీ వెనక్కి తిరక్కుండానే అడిగింది. "వస్తాడంటనా?"

"వస్తాడు," అన్నాడు బాజీ. అబద్ధం ఎలా వచ్చిందో అతనికే తెలియదు.

"అయితే ఆ మూల నువ్వు పట్టు."

బాజీ దబ్బనంతో ఆ మూల పొడవసాగాడు. ఎంతో ముచ్చటపడి కట్టుకున్న ఇంటిని ఇద్దరూ కలిసి ఊడగొడుతున్నారు. నేలంతా ఇసక, సున్నం. గోడ సగానికి పైగా ఎర్రటి ఇటుకలు బయటపడ్డాక ఆమె చెయ్యి ఆగింది.

"రాడు గదయ్యా?"

రాడన్నట్టు బాజీ తల అడ్డంగా ఊపాడు.

"నా చేతులారా చేసినాను," అంటూ ఆమె అతని భుజం మీద తల వాల్చి బావురుమంది.

"ఊరుకో హజరా. ఇంతకాలం ఒక్కదానివే మోసినావు. నాకు చెప్పుంటే ఆ బరువు ఇద్దరం కలిసే మోసుండేవాళ్లం," అంటూ అతనూ ఏడ్చాడు.

కుళాయి తీసేసే రోజు ఎంతో దూరం లేదు. ఇల్లొదిలి పోవడానికి దారీ లేదు. ఆ సంగతి ఇప్పుడు ఇద్దరికీ తెలుసు.