నాన్న నడుముకి కొత్త పిస్టల్

మంగళవారం ఉదయం బ్లాక్‌టౌన్‌లోని ఆ తెలుగువాళ్ల ఇంట్లో ఎవరి తొందర వాళ్లది. సుగుణకుమారి వృద్ధుల్ని చూసుకునే ఏజ్డ్ కేర్ డ్యూటీకి వెళ్లాలని యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటోంది. షీనా యూనివర్సిటీకి వెళ్లే రైలు టైము చూసుకుంటూ టోస్ట్ నములుతోంది. ఎలియాజర్ ఒక్కడే తొందరేమీ లేనట్టు టీ కప్పును రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు.

"ఏమండీ, మీ సూపర్‌వైజర్ నిన్న నాకు ఫోన్ చేశాడు. శుక్రవారం టెస్టుకి మీరొస్తున్నారా లేదా అని అడిగాడు. నాకేం తెలుసు, ఏం చెప్పను?" అంది సుగుణకుమారి.

"రానని చెప్పు. ఆ ప్లాస్టిక్ బొమ్మని నడుముకి కట్టుకుని తిరగడం నా వల్ల కాదు."

షీనా తలెత్తి తండ్రి వైపు చూసింది. ఈ మాట ఇంట్లో నెల్లాళ్లుగా వింటూనే ఉంది.

ఎలియాజర్ పదకొండేళ్లుగా దుకాణాల నగదును బ్యాంకుకు చేర్చే కంపెనీలో గార్డు. అతనికి యూనిఫామూ ఉండదు, ఇనప వ్యానూ ఉండదు. చూసేవాళ్లకు అనుమానం రాకుండా మామూలు చొక్కాతో, మామూలు కారులో తిరగాలి. చొక్కా కింద నడుముకు కుడివైపు ఉక్కు రివాల్వర్ ఉంటుంది. పొద్దున డిపోలో తీసుకున్నది సాయంత్రం డిపోలోనే అప్పగించాలి కాబట్టి ఇంట్లోవాళ్లు దాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. అతనితో ఇంటికొచ్చేది నడుం నొప్పి ఒక్కటే. ఇప్పుడు కంపెనీ ఆ రివాల్వర్లన్నీ తీసేసి ప్లాస్టిక్ లాంటి పాలిమర్ ఫ్రేమ్ పిస్టల్స్ ఇస్తోంది. బరువు సగానికి సగం తక్కువ. కాకపోతే వాటితో టెస్టు పాసైతేనే ఉద్యోగం నిలుస్తుంది.

"లైట్‌వెయిట్ అయితే మీ నడుముకే మంచిది కదా నాన్నా? ఎందుకంత యాంటీ?" అంది షీనా.

"బరువుంటేనే అది నాతో ఉందని తెలుస్తుంది. నువ్వు నాలుగో క్లాసులో ఉన్నప్పట్నుంచీ రోజూ నన్ను క్షేమంగా ఇంటికి చేర్చింది ఆ బరువే." అతను లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు.

షీనా చదువుతున్నది ఫిజియోథెరపీ, రెండో సంవత్సరం. ఆరోజు ల్యాబ్‌లో చేతి కీళ్లు పరీక్షించడం నేర్పారు. బొటనవేలి మొదలు దగ్గర కీలు అరిగితే మనిషి కప్పును ఒక చేత్తో ఎత్తలేడని, రెండు చేతులూ చుట్టేసి పట్టుకుంటాడని ట్యూటర్ చెబుతుంటే షీనా రాస్తున్న పెన్ను ఆగిపోయింది. పొద్దున టేబుల్ దగ్గర తండ్రి కూర్చున్న తీరు కళ్లముందు కదిలింది.

ఆమె ఇల్లు చేరేసరికి గొడవ ముదిరిపోయింది.

"నేను మానేస్తున్నా సుగుణా. అయిపోయింది. ఇక ఆ ఊసెత్తొద్దు!"

"యాభై నాలుగేళ్లకి మానేసి ఏం చేస్తారు? తుపాకీ నచ్చలేదని ఉద్యోగం మానేసిన మనిషిని నేనెక్కడా చూళ్లేదు. ప్రతిదానికీ మొండితనమే!"

షీనా బ్యాగు కింద పడేసి, ఏమీ అడక్కుండా వచ్చి తండ్రి కుడిచేయి పట్టుకుంది. బొటనవేలి మొదట్లో చిన్నగా నొక్కింది. ఎలియాజర్ "అబ్బా!" అని చెయ్యి లాక్కున్నాడు.

"ఎన్నాళ్ల నుంచి నాన్నా?"

అతను చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. సుగుణకుమారి చేతిలోని గరిట పక్కన పెట్టేసింది.

"ఆ పిస్టల్‌ని వద్దంటున్నది మీరు కాదు, ఈ వేలు. అవునా?"

ఎలియాజర్ కుర్చీలో కూలబడ్డాడు. "పోయిన నెల్లోనే టెస్టుకెళ్లానమ్మా. దాని పైభాగం వెనక్కి లాగితేనే తూటా లోపలికెళ్తుంది. స్లైడ్ అంటారు. మూడుసార్లు లాగాను. రాలేదు. పక్కన పాతికేళ్ల కుర్రాళ్లు టకటకా లాగేస్తున్నారు. ఇన్‌స్ట్రక్టర్ మళ్లీ రమ్మంది. తుపాకీ నచ్చలేదని చెప్పి వచ్చేశా." అతను బొటనవేలు రుద్దుకున్నాడు. "నచ్చలేదంటే పరువుంటుంది కదా అనుకున్నా."

సుగుణకుమారి గరిట తీసుకుని వంటగదిలోకి వెళ్లిపోయింది.

గురువారం షీనా క్లాసు మానేసి తండ్రిని వెంటబెట్టుకుని షూటింగ్ రేంజ్‌కి వెళ్లింది. ఇన్‌స్ట్రక్టర్ మార్గరెట్‌కి అరవై ఏళ్లుంటాయి. ఎలియాజర్ భుజం దాటని మనిషి. షీనా సంగతి చెబితే ఆమె నవ్వి, తన వంకర తిరిగిన వేళ్లు చూపించింది. తనకూ అదే జబ్బట.

వేళ్లతో లాగొద్దు, అందామె. పై భాగాన్ని అరచేత్తో గట్టిగా బిగించి కదలకుండా ఉంచి, రెండో చేత్తో పిడిని ముందుకు తొయ్యి. బలం వేళ్లలోంచి కాదు, భుజంలోంచి రావాలి.

షీనా హద్దు గీత వెనకాల నిలబడి తండ్రి భుజాలనే చూస్తోంది. తూటాల్లేని పిస్టల్‌తో మొదటిసారి ప్రయత్నించాడు, సగంలో ఆగింది. షీనా ముందుకొచ్చి అతని బొటనవేలికి టేపు చుట్టి మణికట్టు ఎలా ఉంచాలో చూపించింది. రెండోసారి ఠక్కున కదిలింది. ఎలియాజర్ నమ్మలేనట్టు కూతురి వైపు తిరిగాడు. తర్వాత ఇరవైసార్లు చేసి ఇరవైసార్లూ నవ్వాడు.

"చేతికి బానే అమిరిందే," అని గొణుక్కున్నాడు. "పిడి ఉక్కులా చల్లగా కూడా లేదు."

శుక్రవారం టెస్టు. రేంజ్ కార్‌పార్క్‌లో ఆపిన కారులో షీనా పుస్తకం తెరిచి పెట్టుకుంది గానీ ఒక్క పేజీ తిప్పలేదు. నలభై నిమిషాల తర్వాత ఎలియాజర్ వచ్చి పక్క సీట్లో కూర్చుని, డోరు వేసుకుని, కళ్లు మూసుకున్నాడు.

"నాన్నా?"

"పాస్. నూటికి తొంభై ఒకటి."

షీనా గట్టిగా అరిచి తండ్రిని కావలించుకుంది. తర్వాత తల్లికి ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టింది. విషయం చెప్పింది.

"దేవుడికి స్తోత్రం," అంది సుగుణకుమారి. వెంటనే గొంతు మారిపోయింది. "చెయ్యి నొప్పని నాతో చెప్పడానికి మీకేమైంది? ఇన్నాళ్లూ మొండివాడని తిట్టిపోశానే మిమ్మల్ని!"

ఎలియాజర్ టేపు చుట్టిన బొటనవేలు చూసుకున్నాడు. "పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నువ్వు ఎంతమందిని లేపి కూర్చోబెడతావు సుగుణా. వాళ్లతో పాటు నా చేతి భారం కూడా నీ మీద వెయ్యడమెందుకులే అనుకున్నా."

"మరింకెవరి మీద వేస్తారండీ?" అంది ఆమె, ఏడుపూ నవ్వూ కలిసిపోయి. "త్వరగా ఇంటికి రండి. ఆ చేతికి వేణ్ణీళ్లు కాచి పెడతా."