హంబకర్‌లో రెండో గొంతు

సాయంత్రం ఆరు కావడానికి ఇంకా నాలుగు నిమిషాలున్నాయి. పడమటి ఆకాశం పుండు చిట్లినట్టు ఎర్రబడింది... దాని మీదికి కారుమేఘాలు గుంపులు గుంపులుగా కమ్ముకొస్తున్నాయి. చినుకు లేదు. గాలి లేదు. ఎక్కడో దూరంగా ఒక ఉరుము గొంతు సవరించుకుంది. ఇంకా వెలుతురుండగానే ఎదురింటి పిట్టగోడ మీద ఒక గుడ్లగూబ వచ్చి వాలింది!

సరిగ్గా ఆ క్షణాన శుభవార్త వచ్చింది.

మాస్టారు ఫోన్ పెట్టేసి, భార్యను నడుం పట్టుకుని పైకెత్తాడు. "పిచ్చుకా, స్టూడియో వాళ్ళు మన పాట తీసుకున్నారు. నేను వాయించాలి, నువ్వు పాడాలి. శనివారం పొద్దున పదింటికి రికార్డింగ్."

"ముందు నన్ను కిందికి దింపు. పాలు పొంగిపోతున్నాయి."

వాళ్ళకు పెళ్ళయి నలభై రోజులు. అతను పిల్లలకు గిటార్ నేర్పుతాడు గనుక వీధంతా పిలిచినట్టే ఆమె కూడా మాస్టారూ అనే పిలుస్తుంది. ఆమె చెవి మిషన్లు బాగుచేసే షాపులో పనిచేస్తుంది. గింజంత మిషన్ల మీద వంగి రోజంతా కూనిరాగం తీస్తుంటుందని అతను పిచ్చుక అని పేరు పెట్టాడు. ఉన్నది ఒకటే గది, ఒకటే కిటికీ, రెండు కప్పులు. ఒక కప్పుకు పిడి లేదు. పిడి ఉన్నది ఎవరికన్నది రోజూ పొద్దున్నే పోట్లాట. ఆ పోట్లాట కోసమే ఇద్దరూ పెందలాడే లేస్తారు.

చిక్కల్లా గిటార్‌తోనే. దాని పికప్ చచ్చిపోయే స్థితిలో ఉంది. తీగల కింద కూర్చుని వాటి వణుకును కరెంటుగా మార్చేది పికప్. పిచ్చుక దాన్ని గిటార్ చెవి అంటుంది. వీళ్ళ గిటార్‌ది హంబకర్, అంటే జంట కాయిళ్ళ చెవి. ట్యూబ్‌లైట్ నుంచీ గోడలోని వైర్ల నుంచీ వచ్చే రొద రెండు కాయిళ్ళలోకీ దూరుతుంది. కానీ అవి ఒకదానికొకటి ఎదురుగా కలిపి ఉంటాయి. ఒకటి అవునంటే రెండోది కాదంటుంది, రొద అక్కడికక్కడే చస్తుంది. వాటి అయస్కాంతాలు కూడా ఎదురెదురే గనుక తీగ పలికిన మాటను మాత్రం రెండూ ఒక్క గొంతుతో చెబుతాయి.

"అచ్చం మనలాగే," అన్నాడు మాస్టారు.

"అవును. రొద నువ్వు."

మర్నాడు మ్యూజిక్ షాపులో రెండు రకాలు విన్నారు. బలమైన అయస్కాంతం ఉన్నది ఎంత మెల్లగా మీటినా కేకలు పెట్టింది. "మా అత్తయ్య ఫోన్‌లో మాట్లాడినట్టుంది," అని పిచ్చుక దాన్ని పక్కన పెట్టేసింది. రెండోది మెత్తగా పలికింది. ఆమెకు నచ్చింది. మాస్టారికి మాత్రం దుప్పటి ముసుగేసుకుని పాడినట్టనిపించింది. షాపాయన తల గోక్కున్నాడు. "ఇవన్నీ ఫ్యాక్టరీవి. చేత్తో చుట్టినది కావాలంటే కాయిళ్ళాయన దగ్గరికి వెళ్ళండి. ఒకప్పుడు పేరున్నవాడు. ఇప్పుడెవరూ పోవడం లేదు, ఎందుకో నాకూ తెలీదు."

ఎందుకో తెలిసినవాళ్ళెవరూ మాట్లాడే స్థితిలో లేరు...

లిఫ్ట్ లేని పాత భవనం, నాలుగో అంతస్తు, కారిడార్ చివరి గది. మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ దీపం వెలుగుతోంది. బల్ల మీద చుట్టే మిషన్, దాని పక్కన పసుపు తేలిన కపాలం! రీలు మీది రాగి దారం కపాలం వెనక నుంచి దూరి, ఎడమ కంటి గుంట లోంచి కన్నీటి ధారలా బయటికొచ్చి, గిర్రున తిరిగే కాయిల్‌కు చుట్టుకుంటోంది.

"ప్లాస్టర్‌ది లేమ్మా," అన్నాడు కాయిళ్ళాయన. అరిగిపోయిన క్యాసెట్‌లోంచి వచ్చినట్టుంది ఆ గొంతు, అదీ ఆడగొంతులా. "గుంట నున్నగా ఉంటుంది, దారం తెగదు."

గోడ మీద ఒక స్త్రీ ఫొటో ఉంది, మైకు ముందు నిలబడి.

"మా ఆవిడ. పోయి పదకొండేళ్ళు. మీ గిటార్‌తో పాడేదెవరు?"

"నేనేనండి."

"అయితే నీ గొంతుకు తగ్గట్టు చుట్టాలి. రెండు ముక్కలు పాడు."

ఆమె పాడింది. చుట్టే మిషన్ చక్రం తిరిగింది. కపాలం కంటి గుంటలో దారం తళుక్కుమంది... పాట ఆగగానే అతను చెయ్యి చాపాడు. "ఒక వెంట్రుక ఇవ్వమ్మా. దారం మందం దాంతో పోల్చి చూస్తా."

"ఒక్కటే ఇవ్వు," అన్నాడు మాస్టారు. "రోజూ బాత్‌రూంలో నేను ఏరుతున్నవి చాలవా?"

ఆమె నవ్వుతూ ఒక వెంట్రుక తెంపి ఇచ్చింది. ఆ నవ్వును కూడా చక్రం చుట్టేసుకుంది.

బుధవారం హంబకర్ చేతికొచ్చింది. ఏ రంగు వైరు ఎక్కడ అతకాలో రాసిన కాగితం దానితో ఉంది. 'వరస మార్చవద్దు' అని కింద గీత గీసి మరీ రాశాడు. చెవి మిషన్ల షాపులో పిచ్చుకకు నేర్పిన మొదటి పాఠం, ఎవరో చెప్పిన వైరు రంగును నమ్మకూడదని. మీటరు పెట్టి చూశాకే అతకాలని. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఆ పాఠం తప్పని మనిషి, ఆ సాయంత్రం మొగుడి తొందర చూసి ముచ్చటపడి, మీటరు సంచిలోంచి తీయకుండానే అతికేసింది.

గిటార్‌కు తగిలించిన ఆంప్ స్పీకరులోంచి మొదటి స్వరం పలికింది. డొల్లగా, ఖాళీ డబ్బాలోకి మాట్లాడినట్టుగా... దాని కింద రొద మాత్రం గుహలో గాలిలా ఉప్పొంగింది.

"కొత్తది కదా, కుదురుకుంటుందిలే," అన్నాడు మాస్టారు.

ఆమె పాట అందుకుంది. రెండో చరణం చివర గొంతు పగిలింది. గురువారానికి బొంగురుపోయింది. డాక్టరు టార్చి వేసి చూసి, గొంతు శుభ్రంగా ఉందన్నాడు. ఆ సాయంత్రం అతను మళ్ళీ వాయిస్తుండగా పిచ్చుక కుర్చీలోంచి నిటారుగా లేచింది. కనురెప్ప కదలడం లేదు. రొదకు తగ్గట్టు పెదవులు కదులుతున్నాయి. ఇవ్వు... ఇవ్వు... ఇవ్వు... మాస్టారు వైరు పీకేసేదాకా ఆమె ఆ మాట అంటూనే ఉంది. తరువాత అతని భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఏడుపుకు శబ్దం లేదు.

శుక్రవారం మధ్యాహ్నమే ఇంటికొచ్చి గిటార్ విప్పింది. కాయిళ్ళ మీద టేపు ఒలిచింది. ఒకదాంట్లో రాగి దారంతో పెనవేసుకుని నల్లని వెంట్రుక... తనది. రెండోదాంట్లో సగం నెరిసిన వెంట్రుక! మీటరు పెట్టింది. ఇనుప ముక్కను ఒక్కో కాయిల్ దగ్గరికి తెచ్చి, ముల్లు ఎటు కదులుతుందో చూసింది. అంతా అర్థమైంది. రొదను చంపాల్సిన జంటను, రొదనే రెట్టింపు చేసేలా కలిపించాడు వాడు. తీగ మాటను మింగేసి, గాల్లోంచి వచ్చేదాన్ని ఇంట్లోకి పిలిచే చెవి అది! ఆ రొద కరెంటుది కాదు... నాలుగో అంతస్తులో కూర్చుని వాడు జపిస్తున్న క్షుద్రమంత్రం!

గొంతు పూర్తిగా పోయింది గనుక కాగితం మీద రాసి మాస్టారికి చూపించింది. 'రెండో కాయిల్ వైర్లు తిరగేయాలి. రెండు అతుకులు, అంతే. ఆంప్ ఆన్‌లో ఉంచు, రొద ఆగిందో లేదో వినాలి.'

అతుకులు కరిగించే సోల్డరింగ్ ఐరన్ వేడెక్కుతుండగా ఆకాశం ఫెళ్ళున విరిగింది. తలుపు చప్పుడైంది.

"తలుపు తియ్యి మాస్టారూ," అంది బయట నుంచి పిచ్చుక గొంతు.

మాస్టారు భార్య వైపు చూశాడు. ఆమె ఎదురుగానే ఉంది. పెదవులు మూసే ఉన్నాయి!

గడియ దానంతటదే జారింది. గుమ్మంలో కాయిళ్ళాయన. చంకలో కపాలం. ఆ ముడతల మొహంలోంచి ఇరవైనాలుగేళ్ళ పిచ్చుక గొంతు తీయగా వచ్చింది. "మా ఆవిడ గొంతు పదకొండేళ్ళు వాడుకున్నా, అరిగిపోయింది. కొత్తది బాగా నప్పింది కదూ. ఇంకొక్క జపం. తరువాత నీ మనిషి నీ దగ్గరే ఉంటుందిలే, ఉట్టి బొమ్మలాగ."

మాస్టారు వాడి మీదికి దూకాడు. ఆంప్‌లోంచి ఎగసిన రొద అతన్ని గోడకేసి విసిరికొట్టింది! వాడు మంత్రం అందుకున్నాడు. కిటికీ అద్దాలు గజగజలాడాయి... పిచ్చుక కాళ్ళు రాయయ్యాయి, మెడ బిగుసుకుంది, కళ్ళ ముందు చీకటి కమ్మింది. కానీ ఆరేళ్ళుగా చూపు ఆనని చోట పనిచేసిన వేళ్ళు! అవి తడుముకుంటూ ఐరన్ అందుకున్నాయి. మొదటి అతుకు కరిగింది, వైరు జరిగింది, అతుకు గట్టిపడింది. రెండో వైరు దగ్గర వేళ్ళు కూడా చచ్చుబడ్డాయి.

అప్పుడు ఆంప్‌లోంచి, రొద అడుగు నుంచి, ఇంకో గొంతు లేచింది. అరిగిన గొంతు. "తిప్పు తల్లీ... నేను పట్టుకుంటా, నువ్వు తిప్పు..."

కనబడని చల్లని చెయ్యి ఒకటి పిచ్చుక చేతిని పట్టుకుంది. పదకొండేళ్ళుగా చీకటి చుట్లలో నలిగిన చెయ్యి! రెండో వైరు దాని చోటికి చేరింది.

రొద ఆగిపోయింది.

అంత నిశ్శబ్దం ఆ గది ఎన్నడూ ఎరగదు. కాయిళ్ళాయన నోరు తెరుచుకునే ఉంది, అందులో మాట లేదు. అవునన్న మంత్రానికి కాదన్న మంత్రం ఎదురై, రెండూ వాడి గొంతులోనే చచ్చాయి. ఎవరూ మీటకుండానే గిటార్ తీగ పలికింది... నిండుగా, గంటలా! ఇద్దరు ఆడవాళ్ళు ఒక్క గొంతుతో పాడారు. వాడు వికృతంగా మొహం చిట్లించి గొంతు పట్టుకున్నాడు. నోట్లోంచి సన్నని రాగి దారం కొస బయటికొచ్చింది. కింద పడ్డ కపాలం ఎడమ కన్ను ఆ కొసను అందుకుని లాగసాగింది! సరసరా... సరసరా... చుట్టు తరువాత చుట్టుగా వాడు విడిపోయాడు. చివరికి నేల మీద ఒక చొక్కా, ఒక జత చెప్పులు, మోకాలెత్తు రాగి దారం కుప్ప, రెండుగా పగిలిన కపాలం మిగిలాయి.

వాన మొదలైంది. నుదుటి మీద నెత్తురు తుడుచుకుంటూ మాస్టారు పాక్కుంటూ వచ్చాడు. "పిచ్చుకా, ఏదైనా ఒక మాట అను."

"ఆ మెత్తగా పలికే ఫ్యాక్టరీది కొనుంటే పోయేది," అంది ఆమె. గొంతు బొంగురుగానే ఉంది, కానీ తనదే.

అతను నవ్వబోయి ఏడ్చాడు. ఆంప్‌లో ఇంకా సన్నగా ఎవరో ఊపిరి తీస్తున్నారు. ఇద్దరూ విన్నారు.

"ఆవిడ ఇంకా అందులోనే ఉంది," అన్నాడు మాస్టారు. "ఇప్పుడే విప్పేద్దామా?"

పిచ్చుక గిటార్‌ను ఒళ్ళోకి తీసుకుని, నెరిసిన వెంట్రుక ఉన్న కాయిల్ మీద వేలు పెట్టింది. లోపల నుంచి మైకు ముందు నిలబడ్డ మనిషి తడబాటు లాంటిదేదో వేలికి తగిలింది.

"ఇప్పుడు కాదు. రేపు పదింటికి ముగ్గురం వెళ్దాం. పదకొండేళ్ళయింది ఆవిడ తన పాట తాను పాడుకుని. ఒక్కసారి పాడనిద్దాం. ఇంటికొచ్చాక కిటికీ దగ్గర కూర్చుని రెండు కాయిళ్ళూ నేను విప్పుతా. ఒక్కోదాంట్లో అయిదువేల చుట్లు. నువ్వు లెక్కపెట్టు. ఒక్కటి కూడా మిగలకూడదు."